రేకుల షెడ్డులో గది: దసరాకు మొదలుపెట్టి ధనుర్మాసం లోపు

హైదరాబాద్ బాలానగర్‌లో మా నాన్న లేత్ షాపు నడిపిన షెడ్డు ఉంది. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, చుట్టూ తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పైన 14 అడుగుల ఎత్తున సిమెంటు రేకులు. మెషీన్లు అమ్మేశాక కొన్నేళ్లు తాళం వేసే ఉంచాం. తర్వాత నెలనెలా అద్దె కట్టలేక అమ్మా నేనూ అందులోకే మారాం, ఒక మూలకు తాడ్‌పత్రి అడ్డం కట్టుకుని మంచాలు వేసుకున్నాం. డిసెంబరు వచ్చేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత రాత్రి 2 దాటితే రేకు నుంచి చలి దిగేది, రెండు రగ్గులు కప్పినా అమ్మకు తెల్లవార్లూ ఆయాసమే. తర్వాతి ఏడాది ఆ షెడ్డు లోపలే 12 బై 10 గది ఒకటి కట్టాను. తాపీ పనికి ఒక మేస్త్రీ, ఒక హెల్పర్, వైరింగ్‌కు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్. మిగతా పనంతా సెలవు రోజుల్లో నేను, మా బావమరిది కలిసి చేసుకున్నాం. మీ దగ్గరా ఇలాంటి షెడ్డో గోదామో ఉంటే, ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందే చెప్తాను. లోపలి గది బయటి షెడ్డుకు ఆనకూడదు. గోడకు గోడ ఆనకూడదు, కప్పుకు కప్పు ఆనకూడదు. చాలామంది షెడ్డు గోడలనే రెండు వైపులా వాడుకుని, మిగతా రెండు వైపులా గోడ లేపి, రేకుల కిందే ఫాల్స్ సీలింగ్ కొట్టేసి గది అయిపోయింది అనుకుంటారు. అప్పుడు బయటి గోడ చల్లబడితే మీ గోడ చల్లబడుతుంది, రేకు కారితే మీ సీలింగు తడుస్తుంది, ఎక్కడ కారుతోందో చూడ్డానికి మనిషి దూరే సందు కూడా ఉండదు. షెడ్డు పని గాలిని, వానను, ఎండను ఆపడం. గది పని లోపలి వెచ్చదనాన్ని పట్టి ఉంచడం. రెండిటి మధ్య ఖాళీ ఉంటేనే ఎవరి పని వాళ్లు చేస్తారు. నేను మూడు వైపులా కనీసం రెండున్నర అడుగుల సందు వదిలాను, మనిషి సులువుగా నడుస్తాడు. తూర్పు వైపు మాత్రం ఆరంగుళాలే వదిలాను, ఎందుకో కిటికీల దగ్గర చెప్తాను. పైన రేకులకూ గది కప్పుకూ మధ్య దాదాపు 5 అడుగులు ఖాళీ.

గది కట్టే ముందు షెడ్డును చూడండి. స్తంభాల్లో పగుళ్లు, ట్రస్సు (కప్పును మోసే ఇనప చట్రం) అతుకుల దగ్గర తుప్పు, కర్ర దూలాలైతే చెద, ఇవి ఉంటే ముందు వాటి సంగతి చూడాలి, లేకపోతే ఆ షెడ్డును వదిలెయ్యాలి. కింద మనుషులు పడుకోబోతున్నారు కదా. తర్వాత రేకులు. వానాకాలంలోనే, భాద్రపదం ఆశ్వయుజాల్లో గట్టి వాన పడుతున్నప్పుడు, లోపల నిలబడి ఎక్కడెక్కడ కారుతోందో నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి, ఎండాకాలంలో వెతికితే ఏమీ కనపడదు. ఎక్కువసార్లు కారేది రేకును కింది పైపుకు బిగించే జె బోల్టుల దగ్గరే, వాషరు ఎండిపోయి బిగుసుకుని ఉంటుంది, మారిస్తే సరిపోతుంది.

సిమెంటు రేకుల విషయంలో రెండు జాగ్రత్తలు, వీటిని తేలిగ్గా తీసుకోవద్దు. ఒకటి, వాటి మీద నేరుగా కాలు పెట్టొద్దు. పాత రేకు చూడ్డానికి గట్టిగా ఉన్నా విరిగిపోతుంది, మనిషి నేరుగా 14 అడుగుల కింద గచ్చు మీద పడతాడు. కింద రేకులను మోసే పర్లిన్ పైపులు ఎక్కడున్నాయో చూసుకుని, వాటి మీద ఆనేలా పొడుగాటి చెక్క పలకలు పరిచి, ఆ పలకల మీదే కదలాలి, నడుముకు తాడు కట్టుకోవాలి. రెండోది, పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. గ్రైండరుతో కోస్తే, పొడిగా డ్రిల్ చేస్తే, వైరు బ్రష్షుతో రుద్దితే వచ్చే పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది, క్యాన్సరు లాంటి జబ్బులు దశాబ్దాల తర్వాత బయటపడతాయి. రేకు బాగుంటే కదపకుండా వదిలెయ్యండి. బోల్టు మార్చాల్సి వస్తే నీళ్లతో తడిపి చెయ్యండి, రాలిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తీసి, ఆ గుడ్డను కూడా కవర్లో కట్టి పడెయ్యండి. రేకు అంచులు పెళుసెక్కి రాలుతున్నాయంటే మొత్తం తీయించి కలర్ కోటెడ్ ఇనప రేకులు వేయించడం మంచిది. ఇనప రేకులకు ఇంకో గుణం ఉంది, చలికాలం రాత్రి ఆకాశం తేటగా ఉంటే రేకు గాలి కన్నా ఎక్కువ చల్లబడి అడుగున చెమట పడుతుంది, తెల్లవారుజామున చుక్కలు కారతాయి. వాన లేకుండా నీళ్లు ఎక్కడివని కంగారు పడొద్దు, షెడ్డు గోడల పైభాగంలో ఎదురెదురుగా జాలీలు ఉంచి గాలి ఆడనిస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇక టైము. మన హైదరాబాద్ చలిలో పని చేయడం కష్టమని కాదు ఈ తొందర. అసలు సంగతి తడి. గోడ లేపిన నీళ్లు, ప్లాస్టరు నీళ్లు, నేల కాంక్రీటు నీళ్లు అన్నీ గదిలోంచి బయటికి పోవాలి, అందుకు వారాలు పడుతుంది. డిసెంబరులో ప్లాస్టరు చేసి జనవరిలో తలుపులు మూసుకుని పడుకుంటే ఆ తడంతా మీ దుప్పట్లలోకే వస్తుంది, మూలల్లో బూజు పడుతుంది. అందుకని వెనక నుంచి లెక్కపెట్టుకోండి. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలవుతుంది, ఆ నెలలో మనవాళ్లు గృహప్రవేశాలు పెట్టుకోరు, చలి కూడా సరిగ్గా అప్పుడే ముదురుతుంది. పాలు పొంగించేది అంతకు ముందే అయిపోవాలి. దానికి ముందు గది నెల రోజులు ఎండాలి, అంటే కార్తీకం మొత్తం. దానికి ముందు తడి పనులన్నీ దీపావళికి పూర్తవ్వాలి. కాబట్టి దసరా నాటికి గోడ కట్టే బ్లాకులు షెడ్డులో దిగి ఉండాలి. మధ్యలో అక్టోబరు వానల్ని కూడా లెక్కలో పెట్టుకోండి. 2020 అక్టోబరు 13 రాత్రి నగరం ఎలా మునిగిందో మర్చిపోలేం కదా.

ఆ వాన గుర్తుంది కాబట్టే లోపలి గది నేలను షెడ్డు నేల కన్నా ఆరంగుళాలు ఎత్తు లేపాను. మా షెడ్డు గచ్చు నిండా ఏళ్లనాటి ఆయిల్ ఇంకి ఉంది, దాని మీద సిమెంటు పట్టదు. సర్ఫు, కాస్టిక్ సోడా వేసి రెండు మూడుసార్లు రుద్ది కడిగి (చేతులకు రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పకుండా), ఎండాక ఉలితో గాట్లు పెట్టించాను. గోడల కింద మూడు వరుసలు లేచాక లోపల కంకర పొడి నింపి దిమ్మిసతో గట్టిపరిచి, దాని మీద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరిచాం, అతుకుల దగ్గర ఆరంగుళాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా, అంచులు గోడ మీదికి కొంచెం మడిచి. దాని మీద రెండంగుళాల కాంక్రీటు. ఈ షీటు కొన్ని వందల రూపాయల వస్తువు, కానీ ఇది లేకపోతే కింది చెమ్మ ఏడాదంతా పైకి వస్తూనే ఉంటుంది. పైన టైల్స్ వేశాం, షాబాద్ బండలు ఇంకా చవక. రెండూ చలికాలం కాళ్లకు జివ్వుమంటాయి, మంచం పక్కన ఒక జంపఖానా పరుచుకుంటే సరి.

గోడలకు ఏఏసీ బ్లాకులు వాడాను, తెల్లగా తేలిగ్గా ఉండేవి. రెండడుగుల పొడవు, ఎనిమిదంగుళాల ఎత్తు, నాలుగంగుళాల మందం, ఒక్కోటి ఏడెనిమిది కిలోలు. మామూలు ఎర్ర ఇటుకతో పోలిస్తే వీటిలోంచి వేడి దాటడం దాదాపు నాలుగో వంతే, లోపల చిన్న చిన్న గాలి బుడగలు ఉండటమే కారణం. 12 బై 10 గదికి 12 వరుసలు లేపితే, ఒక దర్వాజ, రెండు కిటికీలు తీసేసి, విరిగేవి కలుపుకుని 250 బ్లాకుల దాకా పడతాయి. మొదటి వరుస మామూలు సిమెంటు మాలుతో మట్టం చూసుకుని పెట్టించండి, ఆ ఒక్క వరుస రసమట్టానికి సరిగ్గా కూర్చుంటే పై పనంతా తేలిక. రెండో వరుస నుంచి బ్లాకు జాయింటింగ్ మోర్టార్, సన్నగా 3 మిల్లీమీటర్లు. ఇటుకల్లా వీటిని నీళ్లలో నానబెట్టకూడదు, పైపైన తడిపితే చాలు. మా మేస్త్రీ అలవాటు కొద్దీ మొదటి రోజు తొట్టిలో ముంచేశాడు, అవి రెండు వారాలైనా ఆరలేదు.

నాలుగంగుళాల గోడ ఎత్తుగా లేస్తే ఊగుతుంది, అది గుర్తు పెట్టుకోండి. ఇది దేనికీ ఆనని గోడ కాబట్టి ఇంకా జాగ్రత్త. కిటికీ అడుగు మట్టం దగ్గర ఒకటి, దర్వాజ పైన ఒకటి, నాలుగంగుళాల కాంక్రీటు బెల్టులు, ఒక్కోదానిలో రెండేసి 8 ఎంఎం కడ్డీలు పెట్టి పోయించండి, కింది బెల్టు దర్వాజ దగ్గర తప్ప, పైది గది చుట్టూ తెగకుండా తిరగాలి. వాటికి వారం రోజులు నీళ్లు పెట్టాలి. మూలల్లో బ్లాకులు ఒకదానిలోకి ఒకటి కట్టు పడేలా పెట్టించండి. మాది మెషీన్లు మోసిన మందపాటి కాంక్రీటు నేల కాబట్టి పునాది తవ్వలేదు. మీది మామూలు గచ్చు అయితే మేస్త్రీకి చూపించి గోడల కింద చిన్న పునాది తీయించండి.

డాబా మీద రేకుల షెడ్డు ఉన్నవాళ్లకు ఒక మాట. ఈ బ్లాకుల పద్ధతి మీకు కాదు. ఇళ్ల గదుల స్లాబులను మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వాడకం బరువు లెక్కతో డిజైన్ చేస్తారు. నాలుగంగుళాల ఎర్ర ఇటుక గోడ 9 అడుగులు లేపితే మీటరు పొడవుకే 600 కిలోల దాకా ఉంటుంది. ఏఏసీ గోడ కూడా రెండు వైపులా ప్లాస్టరుతో 300 కిలోలు. కింద దూలం లేని చోట అంత బరువు పెట్టకూడదు. ఇంజినీరుకు చూపించకుండా ఏమీ మొదలుపెట్టొద్దు. జీఐ చానెళ్లు (జింకు పూత పూసిన ఇనప పట్టీలు) నిలబెట్టి, రెండు వైపులా ఫైబర్ సిమెంటు బోర్డులు కొట్టి, మధ్యలో రాక్‌వూల్ (రాతిని కరిగించి దూదిలా తీసిన పీచు) నింపే పద్ధతి డాబాకు మంచిది, అద్దె షెడ్డుకు కూడా ఇదే మంచిది, ఎందుకంటే ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకుపోవచ్చు. అద్దె షెడ్డైతే యజమాని ఒప్పుకున్నట్టు కాగితం మీద రాయించుకోండి, నోటిమాట మీద గోడ లేపొద్దు.

దర్వాజ, కిటికీలు గోడ కన్నా ముందు కొనండి. నేను ఈ తప్పు చేశాను, 3 బై 7 సందు వదిలి గోడ లేపేసి, తర్వాత పాత టేకు తలుపు ఒకటి చవగ్గా దొరికితే అది రెండంగుళాలు పెద్దదైంది, కట్టిన గోడ చెక్కాల్సి వచ్చింది. పడగొట్టిన ఇళ్ల తలుపులు నగరంలో చాలాచోట్ల అమ్ముతారు, గురువారం జుమ్మేరాత్ బజార్‌లో, ఆదివారం ఎర్రగడ్డ సంతలో తిరిగితే కడ్డీలు, గడియలు, బందులు లాంటివి కూడా దొరుకుతాయి. కొనే ముందు చెక్కలో సూది గుచ్చి చూడండి, లోపల డొల్లగా ఉంటే చెద తిన్నట్టు. కొత్త సామాను విషయానికి వస్తే కరెంటు, బాత్రూం సామాన్లకు ట్రూప్ బజార్, బోల్టులు, పనిముట్లు, హార్డ్‌వేర్‌కు రాణిగంజ్, నాకు ఈ రెండూ సరిపోయాయి.

కిటికీల దగ్గరే అందరూ తడబడతారు. గది షెడ్డు లోపల ఉంది కాబట్టి కిటికీ తెరిస్తే కనపడేది షెడ్డు గోడే, ఎండ రాదు, వెలుతురు రాదు. అందుకే తూర్పు వైపు ఆరంగుళాలే వదిలాను. షెడ్డు తూర్పు గోడకున్న కిటికీకి ఎదురుగానే గది కిటికీ పెట్టి, రెండిటి మధ్య సందును నాలుగు వైపులా ఫైబర్ సిమెంటు పలకలతో పెట్టెలా మూశాను. ఇప్పుడు పొద్దున ఎండ నేరుగా అమ్మ మంచం మీద పడుతుంది. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు నుంచి వస్తాడు కాబట్టి తూర్పు కుదరకపోతే దక్షిణమైనా పర్వాలేదు. రెండో కిటికీ సందులోకి తెరుచుకుంటుంది, దానికి పైన షెడ్డు కప్పులో ఒకచోట, పాత రేకుల అలలకు సరిపోయే పారదర్శక ఫైబర్ రేకు వేయించాం, మధ్యాహ్నం లైటు వెయ్యక్కర్లేదు. కిటికీల మొత్తం వైశాల్యం నేల వైశాల్యంలో పదో వంతుకు తగ్గకుండా చూసుకోండి, మాది 120 చదరపు అడుగులు, కిటికీలు రెండూ కలిపి 24. దోమల జాలీ తప్పనిసరి. ఒక కిటికీ గ్రిల్లు మాత్రం లోపలి నుంచి గడియ తీసి తెరిచేలా చేయించండి. రాత్రి దర్వాజ వైపు మంటలు లేస్తే దూకి బయటపడే దారి అదొక్కటే.

కప్పు తేలిక పని, ఒక ఆదివారం చాలు. గోడల మీద రెండడుగులకొకటి చొప్పున రెండున్నర బై ఒకటిన్నర ఇంచి ఇనప బాక్సు పైపులు 10 అడుగుల వైపు అడ్డంగా వేసి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ కొట్టి, కింద జిప్సం బోర్డులు స్క్రూలతో బిగించి, పైన రెండంగుళాల రాక్‌వూల్ పలకలు పరిచాం. రాక్‌వూల్ ముట్టుకుంటే దురద, మాస్కు, గ్లౌజులు, ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి. పైన పాలిథిన్ కప్పొద్దు, లోపలి ఆవిరి పోలేక దూది తడుస్తుంది, ఎలుకలు దూరకుండా సన్న జాలీ కప్పితే చాలు. చవకని థర్మోకోల్ పెడదామా అని మా బావమరిది అడిగాడు, వద్దన్నాను. అది అంటుకుంటే క్షణాల్లో కరిగి కారుతూ మండుతుంది, నల్లటి పొగ వస్తుంది. పడుకునే గదిలో ఆ పని చెయ్యొద్దు. ఫ్యాను బోర్డుకు కాదు, పైపుకు వెల్డింగ్ చేసిన హుక్కుకు తగిలించాలి. కప్పు మీద సామాన్లు పెట్టడం, ఎక్కి నడవడం అస్సలు కుదరదు.

కరెంటు పని సొంతంగా చెయ్యొద్దు, ఏం చేయించుకోవాలో మాత్రం తెలిసి ఉండాలి. లైట్లు ఫ్యాన్లకు 1.5, పెద్ద ప్లగ్గులకు 2.5, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, అన్నిటికీ ఎంసీబీలు (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చులు), వాటి ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకై షాకు కొడితే వెంటనే ఆపేసేది). పాత షెడ్డుల్లో ఎర్తింగు పేరుకే ఉంటుంది, కొత్త గుంట తీయించండి. షాపు మీటరు కనెక్షన్ ఇంకో కేటగిరీలో ఉంటుంది కాబట్టి ఇంటి కేటగిరీకి మార్చమని దరఖాస్తు పెట్టుకోండి.

వంట, స్నానం గదిలో కాదు, సందుకు అవతల షెడ్డులోనే చిన్న గోడలతో విడిగా పెట్టుకున్నాం. ఆవిరి, తడి గదిలోకి రాకూడదు. గ్యాస్ లీకైతే గాలి కన్నా బరువు కాబట్టి కిందకే దిగుతుంది, అందుకని సిలిండర్ ఉన్న చోట నేల మట్టానికి బయటికి ఒక జాలీ ఉండాలి. సందుల్లో పాత సామాను కుక్కొద్దు, ఎలుకలు, చెద అక్కడి నుంచే మొదలవుతాయి.

చలికాలం తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, కిటికీ అంచులకు ఫోమ్ టేపు వెయ్యండి, వాటితోనే చలి బాగా తగ్గుతుంది. కానీ గాలి మొత్తం ఆపొద్దు. నేను పడమటి గోడ కింద నుంచి షెడ్డు బయటికి నాలుగంగుళాల పీవీసీ పైపు ఒకటి జాలీ బిగించి పెట్టాను, ఎదురు గోడ పైన చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది.

ఇది చదివిన ప్రతి ఒక్కరినీ ఒక్కటి అడుగుతున్నాను. ఎంత చలి వేసినా ఆ గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. నిప్పు ఆరిపోయినట్టు బూడిద కప్పినా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. తలుపు కొంచెం తీసి పెట్టాం కదా అనుకోవద్దు. మనం ఇంత కష్టపడి సందులన్నీ మూసిన గది పాత షెడ్డు కన్నా ఈ విషయంలో ఎక్కువ ప్రమాదం. గ్యాస్ గీజరు కూడా మూసిన బాత్రూంలో వద్దు. మరీ ఉండలేకపోతే వేడినీళ్ల సంచీ కాళ్ల దగ్గర పెట్టుకోండి, అమ్మ అదే చేస్తుంది. ఇప్పుడు రాత్రి ఒక్క రగ్గు చాలు ఆమెకు.

సంక్రాంతి దాటాక ఒకసారి టార్చి పట్టుకుని సందులన్నీ తిరిగి రండి. గోడల అడుగున తెల్లటి ఉప్పు పొర, మూలల్లో నల్ల మచ్చ, దర్వాజ చెక్క దగ్గర మట్టి గీతలు కనిపిస్తే అప్పుడే పని పెట్టుకోండి, ఎండలకు అదే పోతుందని వదిలెయ్యొద్దు. శివరాత్రి తర్వాత రేకుల మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించండి, పలకలు పరిచే, తాడు కట్టే. దీనికోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. చలిని ఆపిన ఆ ఐదడుగుల ఖాళీ, ఆ రాక్‌వూల్ మే నెలలో ఎండను కూడా ఆపుతాయి, కాకపోతే రాత్రి 8 తర్వాత రెండు కిటికీలూ తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాను వెయ్యాలి, పగలు మూసే ఉంచాలి.